తిలిస్మును ఛేదించిన గ్రంథం

అద్భుత కథలపై మానవునికి గల మక్కువ ఈనాటిది కాదు. అమ్మమ్మ ఒడిలో విన్న రాకుమారి కథ మొదలుకొని, నేడు ఇంటింటా తెరపై వెలిగే మాయాలోకం వరకు ఆ మక్కువ ఒక్కటే. మారుతూ వచ్చినది దానిని తీర్చే సాధనం మాత్రమే. ఒక నవలను ఆధారం చేసుకొని నిర్మించిన అద్భుత ధారావాహిక ఆ నవలకు ఏమి చేస్తున్నది, చూచినవారికి ఏమి మిగుల్చుతున్నది అన్న ప్రశ్నను ‘చంద్రకాంత’ ఉదాహరణగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలకు ఆ నవలతో గల చుట్టరికం పైకి కనబడేదానికంటె దగ్గరిది.

‘చంద్రకాంత’ హిందీ నవల. రచయిత దేవకీనందన్ ఖత్రీ 1861లో బీహారులో జన్మించి, కాశీలో స్థిరపడ్డాడు. చకియా, నౌగఢ్ అడవులలో కాంట్రాక్టు పనులు చేసే రోజులలో అక్కడి పాడుబడిన కోటలను, కొండగుహలను, పొదలలో మూతపడిన దారులను కళ్లారా చూచాడు. ఆ చూపులో నుండే 1888లో ‘చంద్రకాంత’ పుట్టింది. విజయగఢ్ రాకుమారి చంద్రకాంత, నౌగఢ్ యువరాజు వీరేంద్రసింగ్ పరస్పరం ప్రేమించుకొంటారు. విజయగఢ్ మంత్రి కుమారుడు క్రూర్‌సింగ్ ఆమెను కోరి, తన ఎత్తులు సాగకపోయేసరికి చునార్ రాజు శివదత్తుని ఆశ్రయిస్తాడు. కథ ఇంతే. అయితే ఈ చిన్న కథ చుట్టూ అల్లిన చిక్కుముడులకు చదువరులు ఎంతగా కట్టుబడిపోయారంటే, ఖత్రీ ‘చంద్రకాంత సంతతి’ పేరిట మరి 24 భాగాలు వ్రాయవలసి వచ్చింది. 1898లో కాశీలో లహరీ ప్రెస్సును నెలకొల్పాడు. ఆయన 1913లో మరణించే నాటికి అసంపూర్ణంగా మిగిలిన ‘భూత్‌నాథ్’ను కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ పూర్తి చేశాడు.

ఈ నవలను గురించి ఆచార్య రామచంద్ర శుక్ల తన హిందీ సాహిత్య చరిత్రలో వెలిబుచ్చిన అభిప్రాయం గమనింపదగినది. ఇందులో సంఘటనల వైచిత్రి తప్ప రసపోషణ, పాత్రపోషణ లేవని ఆయన నిష్కర్షగా తేల్చివేశాడు. అయినను, హిందీకి ఇంతమంది పాఠకులను సంపాదించి పెట్టిన రచయిత మరొకడు లేడనీ, ఉర్దూ మాత్రమే ఎరిగిన వారెందరో ఈ నవల కొరకే నాగరి లిపి నేర్చుకొన్నారనీ అంగీకరించక తప్పలేదు. ఒక వినోద గ్రంథం జనసామాన్యాన్ని అక్షరాల వద్దకు నడిపించింది. అది ఏ ప్రభుత్వ ప్రచారమూ అంత సులభంగా సాధింపలేని కార్యం.

ఉర్దూ చదువరులను ఆ నవల అంతగా ఆకర్షించడంలో వింత లేదు. దాని మూలద్రవ్యం వారి ఇంటి సొత్తే. లక్నోలోని నవల్‌కిశోర్ ముద్రణాలయం 1883లో ‘తిలిస్మె హోష్‌రుబా’ మొదటి సంపుటాన్ని వెలువరించింది. ముహమ్మద్ హుసేన్ జాహ్ ఆరంభించిన ఆ గ్రంథం అమీర్ హంజా దాస్తానులలో అత్యంత ప్రసిద్ధమైనది. అందులో మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్ అపార మంత్రశక్తి ఒక వైపు, ఉమరు ఐయార్ అనే మాయోపాయుని చమత్కారం మరొక వైపు నిలుస్తాయి. ఐదేళ్లకే వెలువడిన ‘చంద్రకాంత’లోని ఐయార్లు ఆ ఉమరుకు వారసులే. ‘ఐయార్’ అరబ్బీ పదం. ‘తిలిస్మ్’ గ్రీకులో పుట్టి అరబ్బీ, ఫార్సీల మీదుగా ఉర్దూకు చేరిన పదం. మూర్ఛపోయినవానిని తెలివిలోనికి తెచ్చే సుగంధద్రవ్యం పేరు ‘లఖ్‌లఖా’ కూడా ఆ బాటన వచ్చినదే. ఖత్రీ వ్రాసిన భాష బజారులో నలుగురూ మాట్లాడే హిందుస్తానీ. లిపి నాగరి, కథాసంప్రదాయం దాస్తానుది, నాయికానాయకులు రాజపుత్రులు. భాషకు మతాన్ని, లిపికి కులాన్ని అంటగట్టే వారికి ఈ ఒక్క గ్రంథం చాలిన సమాధానం.

అయితే ఖత్రీ దాస్తానును యథాతథంగా స్వీకరింపలేదు. మంత్రాన్ని విడిచిపెట్టి బుద్ధిని నిలుపుకొన్నాడు. ఐయారుకు మారువేషం, మందుల పరిజ్ఞానం, సంగీతం, వేగంగా పరుగెత్తడం, ఆయుధవిద్య, వేగు నడపడం వంటి విద్యలన్నీ వచ్చి ఉండాలనీ, రాజుల నడుమ యుద్ధం వచ్చినప్పుడు సైన్యాలు నశించకుండా, నెత్తురు చిందకుండా ఇట్టివారు తమ తెలివితో కలహాన్ని ముగించేవారనీ పీఠికలో వివరించాడు. తేజ్‌సింగ్ గానీ, చపల గానీ గెలిచేది తాము నేర్చిన విద్య చేతనే. వారి భుజాన వ్రేలాడే సంచిలో ఉండేవి తాయెత్తులు కావు, మందులు, రంగులు, వేషసామగ్రి. చపల స్త్రీ అయి ఉండి పురుషులైన ఐయార్లకు ఏ విధంగానూ తీసిపోకపోవడం 1888 నాటి రచనలో చిన్న విషయం కాదు.

తిలిస్ము సంగతీ అంతే. పాడుబడిన భవనంలో రాతికొంగ నోరు తెరచి మనిషిని మింగినప్పుడు చదువరికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది మంత్రం కాదు, పూర్వులు అమర్చిన యంత్రమని రచయిత భావన. ఆ తిలిస్మును ఛేదించే విధానం ఒక గ్రంథంలో వ్రాసి ఉంటుంది. వీరేంద్రసింగ్ దానిని సంపాదించి, చదివి, అర్థం చేసికొని, అందులో చెప్పిన ప్రకారం ముందుకు సాగుతాడు. చదవడం రానివానికి ఆ ద్వారం తెరుచుకోదు. వేలాదిమందికి అక్షరాలపై ఆసక్తి కలిగించిన నవలలో నాయకుని పరాక్రమం ఒక పుస్తకం చదవడంపై ఆధారపడి ఉండడం ఎంతో ఔచిత్యం గల కల్పన.

ఇక ధారావాహిక విషయం. నీర్జా గులేరీ దర్శకత్వంలో 1994లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ‘చంద్రకాంత’ ప్రారంభమైంది. ఆదివారం ఉదయం అది ఆబాలగోపాలాన్ని తెర ముందు కూర్చుండబెట్టింది. దట్టమైన కనుబొమలతో అఖిలేంద్ర మిశ్ర ధరించిన క్రూర్‌సింగ్ పాత్ర, ‘యక్కూ’ అన్న అతని కేక, హిందీ అంతగా రాని మన ప్రాంతపు పిల్లల నోట సైతం పలికాయి. దుస్తులు, కోటలు, గుర్రాలు, పాట అన్నీ నాటి బుల్లితెరకు కొత్త శోభను తెచ్చినవే. ఆ నిర్మాతల శ్రమను తక్కువ చేయడం మా అభిమతం కాదు.

కాని నవలతో పోల్చి చూచినప్పుడు ఒక లోటు స్పష్టంగా కానవస్తుంది. నవలలో లేని పాత్రలు అనేకం ప్రవేశించాయి. నవలలో కొంత మేరకే సాగిన క్రూర్‌సింగ్ పాత్ర తెరపై కథనంతటినీ ఆక్రమించింది. వీటిని క్షమింపవచ్చును. నవల వేరు, దృశ్యకళ వేరు. వారం వారం ప్రేక్షకుని రప్పించుకోవలసిన ప్రక్రియకు మార్పులు తప్పవు. క్షమింపరానిది మరొకటి. ఖత్రీ పనిగట్టుకొని తొలగించిన మంత్రతంత్రాలను ధారావాహిక మరల తెచ్చి సింహాసనంపై కూర్చుండబెట్టింది. ఆలోచనతో ముడి విప్పవలసిన చోట మెరుపు మెరిసింది, పొగ లేచింది, పని జరిగిపోయింది. కథను మార్చే హక్కు నిర్మాతకు ఉన్నది. ఏ గుణం చేత ఆ కథ బ్రతికినదో ఆ గుణాన్ని తీసివేసే హక్కు మాత్రం లేదు. ‘చంద్రకాంత’ బ్రతికినది బుద్ధిబలం చేత.

దాస్తాను కూడా ఒకనాడు చదివినది కాదు గదా, జామా మసీదు మెట్లపైనా నవాబుల దివాణాలలోనూ విన్నదే గదా, చూడడంలో మాత్రం తప్పేమిటని కొందరు ప్రశ్నింపవచ్చును. సముచితమైన ప్రశ్నే. కాని 1928లో కన్నుమూసిన ఢిల్లీ దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ వంటి వారి చేతిలో ఉన్నవి కంఠం, అభినయం మాత్రమే. కోటను కట్టుకొనవలసినవాడు శ్రోత. రాక్షసుని ఎత్తు ఎంతో నిర్ణయించుకొనవలసినవాడు శ్రోత. తెరపై కోట కట్టి ఉంటుంది, రాక్షసుడు కొలత వేసి నిలబడి ఉంటాడు. చూచేవాడు చేయవలసిన పని ఏమీ మిగలదు. 2005లో షంసుర్రహ్మాన్ ఫారూఖీ ప్రోత్సాహంతో మహమూద్ ఫారూఖీ దాస్తాన్‌గోయీని పునరుద్ధరించినప్పుడు యువకులు గంటల తరబడి కూర్చుండి విన్నారు. వినడానికి ఓపిక లేని తరమని మనం నిందించే తరమే అది.

నవలలో లోపాలు లేవని మేము అనడం లేదు. కుటిలుడైన క్రూర్‌సింగ్ కొలువులోని ఐయార్లకు నాజిమ్, అహ్మద్ అన్న పేర్లు పెట్టడం చూచినప్పుడు, దాస్తాను భాండాగారం నుండి ఇంత తీసికొన్న రచయిత ఆ ఇంటివారికి ఇచ్చిన స్థానం ఇదేనా అని మనసు చివుక్కుమంటుంది. ఆ కాలపు గాలి ఆయనకూ సోకినది. దీనికి విరుగుడు పుస్తకాన్ని మూసివేయడం కాదు, నిదానించి చదవడం. పుట మధ్యలో ఆగి, వెనుకకు తిరిగి, ఇది న్యాయమేనా అని రచయితనే నిలదీసే స్వాతంత్ర్యం చదువరికి ఉన్నది. పరుగెత్తే దృశ్యాన్ని చూచేవానికి ఆ వ్యవధి దొరకదు. ఏ సమాజాన్ని ఎవరు ఏ వేషంలో చూపుతున్నారో కనిపెట్టుకొని ఉండవలసిన మనవంటి వారికి ఈ నిదానం విలాసం కాదు, అవసరం.

ఈ కథ హిందీవారికే పరిమితం కాదు. ఖత్రీ కాశీలో కూర్చుండి వ్రాయగా, మన మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీకి పోయే దారినే కథగా మలచారు. మణిసిద్ధుడు మజిలీ మజిలీకి గోపకుమారునికి చెప్పిన కథలే ‘కాశీమజిలీ కథలు’. ఆ కథల ఆధారంతోనే 1951లో ‘పాతాళ భైరవి’ చలనచిత్రం వచ్చింది. తోటరాముని ఎరుగని తెలుగువాడు లేడు. మణిసిద్ధుని ఎరిగినవారు మన తరగతి గదిలో ఎందరు? చిత్రం గొప్పదే. కాని అది బయలుదేరిన చోటికి మనం వెనుకకు నడిచి వెళ్లలేదు.

ఇంట ఉర్దూ మాట్లాడుతూ ఆ లిపిలో పది పంక్తులు చదువలేని విద్యార్థులు, తెలుగు మాతృభాష అయి ఉండి పరీక్షకు మించి తెలుగు పుట తెరువని విద్యార్థులు మన మధ్యనే ఉన్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. వారికి అద్భుత కథలంటే ప్రీతి ఉన్నది. రాత్రులు మేల్కొని విదేశీ ధారావాహికలు చూస్తున్నారు. ఆ ప్రీతినే దారిగా చేసికొనవలెను. మన గ్రంథాలయంలో ‘హోష్‌రుబా’, ‘చంద్రకాంత’, ‘కాశీమజిలీ కథలు’ ఒకే బీరువాలో పక్కపక్కన ఉంచవలెను. నెలకొక సాయంత్రం ఒక ఉర్దూ విద్యార్థి దాస్తానులోని ఒక ఘట్టాన్ని, ఒక తెలుగు విద్యార్థి ఒక మజిలీని తమ తమ గ్రంథాల నుండి చదివి, రెండవ భాషవారికి అర్థమయ్యేటట్లు వివరించవలెను. దీనికి ధనం అక్కరలేదు, పూనిక చాలును.

ఈ సంచికను కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ, ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు ఎదురవుతుంది. తమ వైపు పుటలు చదివి మూసివేయక, ఎదుటి వైపు పుటలను కనీసం ఒక మిత్రుని చేతనైనా చదివించుకొని వినవలసినదిగా విద్యార్థి సోదరసోదరీమణులను కోరుతున్నాము.