గాలికొండ బల్లిని లెక్కలోకి తీసుకోరా?

ఆస్ట్రేలియా అడవుల్లో ఊసరవెల్లి పుట్టదు. అయినా కొండల మీద కనుమరుగవుతున్న ఊసరవెల్లుల గురించి మాట్లాడాలంటే మెల్‌బోర్న్ శివారులోని క్లేటన్ నుంచి మొదలుపెట్టడమే మేలు. అక్కడి మోనాష్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ చాపుల్ సారథ్యం వహించిన బృందం, ఆ దేశపు నేలమీది బల్లులు, పాముల్లో 900కు పైగా జాతుల పరిస్థితిని ఒక్కొక్కటిగా పరిశీలించింది. ఏది ఎంత ప్రమాదంలో ఉందో, దేనికి ఏం చేయాలో రాసింది. ఆ కార్యాచరణ ప్రణాళిక 2019లో పుస్తకంగా వచ్చింది. ఎవరూ పట్టించుకోని ప్రాణులకు ఒక దేశం ఇచ్చిన గౌరవమది.

అక్కడి తెలుగు కుటుంబాలు చలికాలంలో పిల్లలకు మంచు చూపించే విక్టోరియా ఎత్తయిన కొండల్లోనూ అలాంటి ప్రాణి ఒకటుంది. దాని పేరు గుథెగా స్కింక్. సుమారు 1,600 మీటర్లకు పైన, అదీ రెండే రెండు చోట్ల బతుకుతుంది. కింద వేడి పెరిగితే అది పైకి ఎక్కాలి. శిఖరం దాటాక ఎక్కడికి పోతుంది?

లెక్క విలువ ఏమిటో ఆఫ్రికాలోని మలావీ చెబుతుంది. అక్కడి కొండ అడవిలో చాప్‌మన్ మరుగుజ్జు ఊసరవెల్లి ఉంది. ఒళ్లంతా కలిపి ఐదున్నర సెంటీమీటర్లు. ఎండుటాకుల మధ్య తిరుగుతూ ఎండుటాకులాగే కనిపిస్తుంది. శాస్త్రలోకం దాన్ని 1992లో గుర్తించింది. కానీ ఈలోగా పొలాల కోసం అడవిని నరుకుతూనే పోయారు. 1980ల నుంచి 2019 నాటికి అక్కడి అడవిలో 80 శాతం పోయింది. ఆ అపాయం ముందే పసిగట్టి 1998లో 37 ఊసరవెల్లులను దాదాపు 95 కిలోమీటర్ల ఉత్తరాన మరో అడవిలో వదిలారు. అసలు చోట అది అంతరించిందనే చాలామంది భయపడ్డారు. 2016లో పరిశోధకులు రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని వెతికితే, మొక్కజొన్న, కర్రపెండలం చేల పక్కన మిగిలిన అడవి అంచునే మొదటిది దొరికింది! వదిలిన చోటా బతికే ఉన్నాయి. అయితే జన్యుపరీక్షల్లో మరో సంగతి తేలింది: అడవి ముక్కల మధ్య వాటికి రాకపోకలు తెగిపోయాయి. చెట్లు నిలిచినంత మాత్రాన చాలదు, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దారి ఉండాలి.

ఇక మన తూర్పు కనుమలు. 1870ల్లో బెడ్డోమ్ అనే ప్రకృతి పరిశోధకుడు ఒడిశాలోని జయపురం కొండల్లో ఒక నేల బల్లిని చూసి వర్ణించాడు. ఆ తర్వాత 130 ఏళ్లకు పైగా దాని జాడే లేదు. అది బతికే ఉందని 2012లో పరిశోధకులు ప్రకటించారు. దొరికిన చోట్లలో ఒడిశా దేవమాలితోపాటు మన గాలికొండ ఉంది. గాలికొండ అంటే మనకు బాక్సైట్, కాఫీ తోటలు, అరకు వెళ్లే దారిలో సెల్ఫీలు. బల్లి సంగతి ఎంతమందికి తెలుసు?

ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ, జీవవైవిధ్య మండలి కలిసి క్లేటన్ తరహా లెక్క మొదలుపెట్టాలి. పులుల గణనకు ఉన్న పట్టుదలలో పదోవంతు చాలు. అనంతగిరి, అరకు కొండల్లో కొత్త రిసార్టుకో రోడ్డు విస్తరణకో అనుమతి ఇచ్చే ముందు, వానాకాలం రాత్రుల్లో సర్వే తప్పనిసరి చేయాలి. ఆ పనికి కొండ ఎరిగిన గిరిజన యువకులనే కూలి ఇచ్చి తీసుకోవాలి. ఫలితాలు పంచాయతీ కార్యాలయంలో తెలుగులో ఉండాలి.