సంతాపం కాదు, అండ కావాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో యువ పాత్రికేయుడు ముఖేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న అదృశ్యమయ్యారు. రెండు రోజుల తర్వాత ఒక రోడ్డు కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, కొత్తగా కాంక్రీటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో ఆయన మృతదేహం దొరికింది. బస్తర్‌లో సుమారు రూ.120 కోట్ల రోడ్డు పనుల్లో జరిగిన అవకతవకలను ఒక జాతీయ చానల్ బయటపెట్టడానికి తోడ్పడింది ఆయనే. ఆ కథనంతో ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. హత్య కేసులో పోలీసులు ప్రధాన నిందితుడిగా పేర్కొన్న కాంట్రాక్టరు హైదరాబాద్‌లో పట్టుబడ్డాడు.

2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్పీఎఫ్ జవాను విడుదల కోసం అడవిలోకి వెళ్లిన పాత్రికేయుల్లో ముఖేశ్ ఒకరు. ఆ తెగువ రాజ్యానికి అక్కరకు వచ్చింది. ఆయన ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం రాజ్యం అక్కరకు రాలేదు. మీడియా ప్రతినిధుల రక్షణ బిల్లును ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలోనే ఆమోదించింది. రెండేళ్లు తిరగకముందే ఈ హత్య జరిగింది.

హత్య ఒక్కటే ఆయుధం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనంగా రొట్టె, ఉప్పు పెడుతున్న దృశ్యాన్ని పవన్ జైస్వాల్ 2019లో వెలుగులోకి తెచ్చారు. అధికారులు ఆయనపైనే మోసం, కుట్ర కేసు పెట్టించారు. నెలల తర్వాత పోలీసులు ఆయనకు నిర్దోషిత్వ పత్రం ఇచ్చారు. 2022లో ఆయన క్యాన్సర్‌తో, చికిత్సకు సాయం అర్థిస్తూ కన్నుమూశారు. పిల్లల పళ్లెం గురించి దేశానికి చెప్పిన వ్యక్తికి వైద్య బీమా కూడా లేని వృత్తి ఇది.

అసలు లోపం ఇక్కడే ఉంది. మారుమూల విలేకరుల్లో చాలామందికి నియామక పత్రం ఉండదు, నెల జీతం ఉండదు. తెలుగు పత్రికల్లోనూ మండల విలేకరికి దక్కేది తరచూ లైన్ అకౌంటు మాత్రమే. పైగా పండుగలకూ వార్షికోత్సవాలకూ ప్రకటనలు తేవాలన్న ఒత్తిడి. ఏ కాంట్రాక్టరు పని నాణ్యతను ప్రశ్నించాలో ఆ కాంట్రాక్టరు గుమ్మంలోనే ప్రకటన కోసం నిలబడాల్సిన యువకుడి నుంచి పరిశోధన ఆశించడం న్యాయమా? అతడు లొంగితే అవినీతిపరుడంటారు, ఎదిరిస్తే ఒంటరివాడవుతాడు.

కనుక యువ పాత్రికేయులకు అండ అంటే పురస్కారాలూ శిక్షణ తరగతులూ మాత్రమే కాదు. కథనం వాడుకున్న సంస్థ నియామక పత్రం, బీమా, న్యాయవాది ఖర్చు భరించాలి. కీలకమైన పరిశోధనను ఒక్కరి పేరుతో కాక రెండు మూడు సంస్థలు కలిసి ప్రచురించాలి. హత్యకు గురైన పాత్రికేయుల పరిశోధనలను కొనసాగించేందుకు 2017లో ఆరంభమైన ‘ఫర్బిడెన్ స్టోరీస్’ చూపిన దారి అదే: మనిషిని చంపినా వార్త చావదని తెలిస్తే, చంపడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. వ్యక్తిగత సమాచారం పేరిట సమాచార హక్కు చట్టానికి 2023లో చేసిన సవరణను వెనక్కి తీసుకోవాలని పౌరులు పట్టుబట్టాలి. లబ్ధిదారుల జాబితాలూ బిల్లులూ అందకపోతే పరిశోధనకు ముడిసరుకే ఉండదు.

పాఠకుడికీ బాధ్యత ఉంది. నిజం చెప్పే చిన్న సంస్థకు చందా కట్టని సమాజం, ఆ ఖర్చును ప్రకటనదారుడికి అప్పగిస్తోంది. డబ్బు పెట్టినవాడు ఏ వార్త ఆగాలో కూడా నిర్ణయిస్తాడు. బీజాపూర్ రోడ్డు మీద తేలిన కంకర ఆ సంగతే చెబుతోంది.