సర్దుకుంటుందిలే మేడమ్!

“పెట్టుకుంటూ ఉంటే అదే సర్దుకుంటుందిలే మేడమ్!” అన్నాడు హెల్మెట్ల దుకాణం కుర్రాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. చేతికి పట్టని గాజులు తొడిగేటప్పుడు విన్నాను. కొత్త కాపురంలో విన్నాను. బిగుతు జాకెట్టు కుట్టిన దర్జీ దగ్గరా విన్నాను. చివరికి తలకాయ మీద పెట్టుకునే దాని గురించీ ఇదే మాటా అని ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆరేళ్ళపాటు నేను సర్దుకున్న హెల్మెటే, ఆ ముందు నెలలో నన్ను చావు అంచు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చింది.

జరిగింది చెబుతాను. పొద్దున్నే కూరగాయలకని స్కూటీ మీద బయల్దేరాను. మా విజయవాడ వీధుల సంగతి తెలిసిందే కదా, ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే ఇసుక రోడ్డు మీదే పోశారు. మలుపులో బండి జారింది. మోచెయ్యి గీసుకుపోయింది, తల వెళ్ళి డివైడరు అంచుకు టప్‌మని కొట్టుకుంది. లేచి నిలబడ్డాను. నలుగురూ పోగై మంచినీళ్ళిచ్చారు. ఒక పెద్దాయన కింద దొర్లుతున్న వంకాయలు ఏరి సంచిలో వేస్తూ, “హెల్మెట్ ఉంది కాబట్టి బతికిపోయావమ్మా” అన్నారు.

నిజమే, ఉంది కాబట్టే. అయితే అది నాది కాదు. మావారు కొత్తది కొనుక్కున్నప్పుడు నాకు దఖలు పడిన ఆయన పాతది. ఆయన తల పెద్దది. నా తల మీద అది బోర్లించిన గిన్నెలా కదులుతూ ఉండేది. బ్రేకు వేస్తే కళ్ళ మీదికి, గాలి వీస్తే వెనక్కి! ఆ రోజు గడ్డం పట్టీ పెట్టుకుని ఉండబట్టి ఊడలేదు. అదృష్టం అంతే.

ఇంటికొచ్చాక మావారు హెల్మెట్ తిప్పి తిప్పి చూసి, “గీత పడింది అంతేగా, ఇంకో ఏడాది వస్తుంది” అన్నారు. ఆయన మంచివారే. లెక్కల మనిషి కూడా. ఆ నెల మా అబ్బాయి కోచింగ్ ఫీజు, అత్తయ్యగారి మందులు, గ్యాసు అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. నేనూ సరే అనేదాన్నే. కానీ రాత్రి ఎందుకో లోపలి మెత్త పీకి చూశాను. దాని వెనక ఉండే థర్మోకోల్ ఒకచోట ఇడ్లీలో బొటనవేలు దించినట్టు అణిగిపోయి, పక్కన సన్నగా బీటతీసి ఉంది.

ఆ అణగడమే హెల్మెట్ చేసే పని. పైన గట్టి చిప్ప దెబ్బను నాలుగు వైపులకీ పంచుతుంది. లోపలి థర్మోకోల్ తాను నలిగిపోతూ, తల ఒక్క కుదుపున ఆగిపోకుండా కాస్త నెమ్మదిగా ఆగేలా చేస్తుంది. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్ళీ పొంగదు. ఒకసారి కొట్టిన కొబ్బరికాయను ఇంకో దేవుడికి కొట్టలేం కదా, ఇదీ అంతే. నా హెల్మెట్‌లో బీట కనబడింది గానీ, కొన్నిసార్లు అదీ కనబడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి ఎంత చక్కగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. దెబ్బ తగలకపోయినా చెమట, తలనూనె, ఎండ కలిసి లోపలి సరుకును మెల్లగా దెబ్బతీస్తాయి కాబట్టి, సుమారు ఐదేళ్ళకు మార్చమని తయారుచేసేవాళ్ళే చెబుతారు. నాది అప్పటికి ఆయన దగ్గర మూడేళ్ళు, నా దగ్గర ఆరేళ్ళు!

అసలు మన ఇళ్ళల్లో హెల్మెట్ ఎవరి తలకి కొంటున్నాం? కొత్త బండితోపాటు ఒక హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. ఆ ఒక్కటీ బండి నడిపే మగవారిది. రెండోది కొనాల్సివస్తే రోడ్డు పక్కన మూడొందలకో నాలుగొందలకో దొరికేది తెస్తారు. అది తల కోసం కాదు, పోలీసు కోసం. వెనక కూర్చునే ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కూడలి రాగానే నెత్తిన పెట్టుకుని, దాటగానే తీసేస్తుంది. ఆవిడ జడ నలగకూడదట, పూలు వాడకూడదట! పేరంటానికి వెళ్ళే తల పగలకూడదని మాత్రం ఎవరికీ తోచదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో బండి నడిపినవారు కాక, వెనక కూర్చున్నవారే 14,337 మంది. వాళ్ళలో ఆడవాళ్ళెందరో వేరే చెప్పాలా? మన వీధిలో ఒక్క సాయంత్రం నిలబడి వెనక సీట్లు చూడండి, తెలిసిపోతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలంటోంది. ముందు సీటు, వెనక సీటు అన్న తేడా లేదు. హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం, ప్రాణం పోయే ప్రమాదం 42 శాతం తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది.

సరే, కొందామనే అనుకున్నాను. నా దగ్గర ఉన్నది పదిహేను వందలు. “హెల్మెట్‌కి అంతా! ఎనిమిది వందలకి మంచివి వస్తాయి” అన్నారు మావారు. పోయినేడాది ఆయన కొనుక్కున్నది మూడు వేలది. ఆ మాట నేను పైకి అనలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, చదువుతారు!

బజారుకి వెళ్ళే ముందు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. కనుబొమల పైన అంగుళం ఎత్తులో మొదలుపెట్టి, చెవుల మీదుగా, తల వెనక బాగా ఎత్తుగా ఉండే చోటు చుట్టూ తిప్పి కొలిచాను. నాది యాభై ఆరు సెంటీమీటర్లు. ఆయనది అరవై. నాలుగు సెంటీమీటర్ల ఖాళీలో ఆరేళ్ళు కాపురం చేశానన్నమాట! జాకెట్టుకి పావంగుళం తేడా వస్తే దర్జీతో పోట్లాడతాం. తలకి మాత్రం ఎప్పుడైనా కొలత తీసుకున్నామా?

దుకాణంలో ఆ కుర్రాడు చూడగానే గులాబీ రంగుదొకటి తెచ్చాడు. పక్కన సీతాకోకచిలుక బొమ్మ. “లేడీస్‌ది మేడమ్.” సైజెంత బాబూ అంటే, “అందరికీ ఒకటే” అన్నాడు. పెట్టుకుంటే నుదుటి మీద వేలు పెట్టి నొక్కినట్టుంది. అప్పుడు అన్న మాటే ఆ సర్దుకోవడం.

ఆ మాటలో సగం నిజం లేకపోలేదు. బుగ్గల దగ్గరుండే మెత్తలు కొత్తలో బిగుతుగా ఉండి, వాడే కొద్దీ అణుగుతాయి. అందుకని కొత్త హెల్మెట్ బుగ్గల్ని కాస్త నొక్కాలి కూడా. కానీ నుదుటి మీదో కణత మీదో ఒక్కచోట గుచ్చుతుంటే అది సైజు తప్పో, ఆకారం తప్పో. తలలన్నీ ఒకే అచ్చున ఉండవు. కొందరివి గుండ్రం, కొందరివి కోలగా ముందుకీ వెనక్కీ పొడుగు. నాది కోల తల. గుండ్రటి హెల్మెట్ నుదుట గుచ్చి, చెవుల పక్కన వదులుగా ఉంటుంది. దానికి వాడకం మందు కాదు, వేరే కంపెనీది చూడటమే. పైగా ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం ఒకటి కాదు.

నాలుగు పెట్టి చూశాను. నచ్చినదాన్ని పెట్టుకుని స్టూలు మీద పావుగంట కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు వింతగా చూశారు, చూడనివ్వండి. చీర కొనేటప్పుడు అరగంట భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడతాం, దీనికి పావుగంట ఎక్కువా? నుదుట నొప్పి లేదు. తల అటూ ఇటూ ఊపితే బుగ్గల చర్మం కూడా దానితోపాటే కదిలింది, అదీ గుర్తు. పట్టీ బిగించి వెనకనుంచి పైకి తోసి చూశాను, ముందుకు ఊడి రాలేదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాను, కమ్మీలు కణతల్ని నొక్కలేదు. ఇంటి దగ్గర ఎలా జడ వేసుకుంటానో అలాగే కిందికి, వదులుగా జడ వేసుకునే వెళ్ళాను. కొప్పుతో వెళితే హెల్మెట్ వెనక ఎత్తి ముందుకు వాలుతుంది. బుట్టలు, క్లిప్పులు దానికింద పనికిరావు. ఎండకి లోపల పల్చటి నూలుగుడ్డ చుట్టుకునే అలవాటున్నవాళ్ళు ఆ గుడ్డతోనే సరిచూసుకోవాలి.

డబ్బు విషయానికొస్తే నాకు ధైర్యమిచ్చింది ఒక్కటే. ఐ.ఎస్.ఐ. గుర్తుకు పెట్టే పరీక్ష వెయ్యి రూపాయలదానికీ మూడు వేలదానికీ ఒకటే, ఐ.ఎస్. 4151 అనే ప్రమాణం. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్లు అమ్మడమే నిషిద్ధం. అయినా నకిలీ గుర్తులు అంటించే ఘనులుంటారు కాబట్టి, గుర్తు దగ్గర సి.ఎం./ఎల్. అని ఉండే లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. మా అబ్బాయి అక్కడికక్కడే చూసి పెట్టాడు. ఇక బొమ్మలు, తళతళలు, నల్ల అద్దం వీటికి డబ్బెందుకు? నల్ల అద్దం రాత్రిపూట కళ్ళకు గంతలే. ఆ డబ్బులో కొంత, విప్పి ఉతుక్కోగలిగే లోపలి మెత్త ఉన్నదానికి పెట్టాను. మే నెల ఎండలో, కొబ్బరినూనె తలతో నెల తిరిగేసరికి ఉతకలేని హెల్మెట్ ఏ వాసన వేస్తుందో మీకు తెలుసు. ఆ వాసన భరించలేకే ఎంతమంది దాన్ని అద్దానికి తగిలించి తిరగడం లేదు! అందుకే సౌకర్యం చూడటం సోకు అని నేననుకోను. నొప్పెట్టే హెల్మెట్, కంపుకొట్టే హెల్మెట్ తల మీద ఉండవు, హ్యాండిల్‌కి వేలాడతాయి.

గడ్డం కూడా కప్పే పూర్తి హెల్మెట్, తెల్లరంగుది, పదమూడు వందల యాభైకి వచ్చింది. ఉక్క మాట నిజమే. ముందు వారం నాలుగుసార్లు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడం లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. పాతది పెరటి అరుగు మీద ఉంటే మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చూసింది. “అమ్మా, అది నాకిద్దురూ, మా ఆయన బండి వెనక కూర్చోవడానికి” అంది. “ఇచ్చెయ్యరాదూ, ఊరికే పడుందిగా” అన్నారు అత్తయ్యగారు. మన ఇళ్ళల్లో వాడిన వస్తువుల దారి అదే కదా. మావారి తల నుంచి నాకు, నా తల నుంచి ఆ అమ్మాయికి! నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నా నోటిదాకా వచ్చింది, సరే తీసుకో అని. బీట ఉందని తెలిసి కూడా.

కత్తెర తెచ్చి దాని పట్టీ కోసేశాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. పనికిరానిదాన్ని కూడా ఇవ్వడానికి ఈవిడకి చేతులు రావు అనుకుని ఉంటుంది. మెత్త తీసి ఆ గుంట చూపించాను. వేలు పెట్టి తడిమి చూసింది, ఏమీ అనలేదు. పదిహేను వందల్లో మిగిలిన నూటయాభైకి పోపులపెట్టెలో దాచుకున్నది కొంత కలిపి, సగం నేను ఇస్తానన్నాను. మిగతా సగం రెండు నెలల్లో తను ఇస్తానంది. ఉత్తినే తీసుకోనని తనే అంది.

ఆదివారం ఇద్దరం అదే దుకాణానికి వెళ్ళాలని అనుకున్నాం. వెళ్ళే ముందు దాని తలలో కనకాంబరాలు తీయించి టేపు చుట్టాను. యాభై నాలుగు.

“ఇంత చిన్న తలా అమ్మా నాది!” అంటూ నవ్వి, “మా ఆయన తల కూడా కొలవాలి, ఓసారి ఆ టేపు ఇస్తారా?” అని అడిగి తీసుకెళ్ళింది.