నీటికి పట్టా లేనివారు

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వ్యర్థజలాల వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయస్థానం జోక్యంతో దక్కిన పంట నష్టపరిహారాన్ని ఎకరాల లెక్కన కట్టారు. నక్కవాగులో బట్టలుతికిన రజకులు, చెరువుల్లో చేపలు పట్టిన ముదిరాజులు, మందలకు నీళ్లు తాపిన గొల్లకురుమలు, బీడుపడిన పొలాల్లో కూలి కోల్పోయిన మాల మాదిగలు ఎకరాల కొలతలో ఇమడరు. పొలానికి పాసుపుస్తకం ఉంటుంది, రేవుకు ఉండదు. కులవృత్తిని కీర్తించడం నా ఉద్దేశం కాదు. కులం అంటగట్టిన ఆ పనినీ కాలుష్యం లాక్కున్నాక, వారికి ప్రత్యామ్నాయం చూపిందెవరు?

నియంత్రణ చూపూ ఇంతే ఇరుకు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద మండలి గొట్టం చివర నీటిని పరీక్షిస్తుంది. ఆ పరీక్షలోనూ పెద్ద వెలితి ఉంది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మందు వాడే రోగి రక్తంలోనూ అంత ఉండదు! యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా వెలువరించింది. 2021 ఆగస్టు నాటి తుది ప్రకటనలో అవి మాయమయ్యాయి. పరిమితే లేనప్పుడు ఉల్లంఘన ఎక్కడిది?

పటాన్‌చెరు జలాలను గొట్టపు మార్గంలో అంబర్‌పేటకు తరలించడంతో భారం మూసీకి మారింది. ఆ దిగువ గ్రామాల్లోనైనా పోయిన వృత్తులనూ, కూలి దినాలనూ ఊరూరా నమోదు చేయించే బాధ్యతను ప్రభుత్వం మండలికి అప్పగించాలి. లేకుంటే జాబితాకు మళ్లీ పట్టాదారు పేరే ఎక్కుతుంది.