గెలుపు గొప్పదా? నడవడి గొప్పదా?

ఫుట్‌బాలు ఆటలో గోలు చేసినవానిని భుజములపై నెక్కించుకొని ఊరేగింతుము. వెనుక నిలిచి గోలును కాపాడిన బ్యాకు ఆటగాని పేరు సాయంకాలమునకే మరచిపోవుదుము. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. ఇంగ్లండు దేశపు ఆటగాడైన జెస్సీ పెన్నింగ్‌టన్ చరిత్రమే ఇందులకు తార్కాణము.

ఈయన 1883లో వెస్ట్ బ్రామ్‌విచ్ పట్టణమున జన్మించెను. 1903 మొదలు 1922 వరకు ఆ యూరి ఆల్బియన్ జట్టునకు ఎడమ బ్యాకుగా 455 లీగు ఆటలాడియు ఒక్క గోలైనను చేయలేదు. అయినను ఇంగ్లండు పక్షమున ఆడుటకు 25 మారులు ఎన్నుకొనబడెను.

1912లో ఎఫ్.ఏ. కప్పు తుదియాట ఆల్బియన్, బార్న్‌స్లీ జట్లకు జరిగెను. మొదటినాడు గోలులేక ముగియుటచే షెఫీల్డులో మరల నాడిరి. అదనపు కాలము ముగియవచ్చుచుండగా బార్న్‌స్లీ ఆటగాడు టఫ్‌నెల్ బంతితో దూసుకొనిపోయెను. అతనిని పడద్రోసినచో పెన్నింగ్‌టన్ గోలు నాపియుండునని చెప్పుదురు. ఆయన అట్లు చేయలేదు. గోలు పడెను; కప్పు పోయెను.

ఒక ఫ్రీకిక్కుతో పోవుదానికి కప్పును విడుచుట అవివేకమని కొందరందురు. మే మొప్పుకొనము. శిక్ష తప్పును ఆపుటకు ఏర్పడినదే గాని, తప్పును కొనుటకు పెట్టిన వెల గాదు.

మరుసటి యేట, 1913 నవంబరులో, ఎవర్టన్ జట్టుపై ఆల్బియన్ గెలువకుండ జూచినచో పదునొకండ్రకు తల కొక్కంటికి 5 పౌనుల చొప్పున 55 పౌనులిత్తునని యొకడు పెన్నింగ్‌టన్ నొద్దకు వచ్చెను. ఆనాడు ఆటగాండ్ర వారపు జీతము 5 పౌనులకు మించరాదని నిబంధన. ఆయన ఈ సంగతి జట్టు పెద్దలకును పోలీసులకును తెలిపి, ఆటను నిష్కపటముగా నాడెను. ఆట 1-1 గా సమమయ్యెను. సొమ్ము నీయవచ్చినవాడు పట్టుబడి అయిదు మాసములు చెరసాల ననుభవించెను. కప్పు పోవునపుడు చలింపని మనస్సే, సొమ్ము చూపినపుడును చలింపలేదు.

1920లో ఆయన నాయకత్వమున ఆల్బియన్ మొదటి డివిజను లీగు గెలిచెను. సత్ప్రవర్తనకు విజయమే బహుమానమని మాత్రము మేము చెప్పము. 1912లో అది లభింపలేదు గదా! ఓడినను విడువనిదే నడవడి.

తలిదండ్రులారా, ఆటనుండి యింటికి వచ్చిన బిడ్డను "గెలిచితివా?" అని యడుగుటకు ముందు "ఎట్లాడితివి?" అని యడుగుడు. విద్యార్థులారా, ఆ ప్రశ్నకు తల యెత్తి బదులు చెప్పగలుగునట్లు ఆడుడు.