అదనపు చక్రము అలంకారము కాదు

మన దేశమున మోటారుబండి నెరిగిన ప్రతివాడును అదనపు చక్రమును స్టెప్నీ యనును. ఆ పేరెట్లు వచ్చెనో కొలదిమందికే తెలియును. వేల్సుదేశమందలి లనెల్లి పట్టణమున స్టెప్నీ యను వీధి కలదు. అచ్చట డేవీసు సోదరులు 1904 వ సంవత్సరమున, పంక్చరైన చక్రమునకు తగిలించి ప్రయాణము సాగించుకొనదగిన గాలిటైరు వలయమును నిర్మించిరి. ఆనాటి బండ్లతో అదనపు చక్రము నిచ్చు నాచారము లేకుండెను. వీధిపేరు వస్తువునకు పేరై మన పల్లెలవరకు వచ్చినది. పేరు నిలిచినది గాని, ఆ సోదరుల ముందుచూపు మనయందు నిలిచినదా యని నా సందేహము.

ఈ సందేహము నా తప్పిదమువలననే పుట్టినది. మా పొరుగున నున్న యొక పెద్దమనిషికి 1951 వ సంవత్సరపు ఛెవ్రొలెట్టు పికప్పు బండి కలదు. ఆయన దానిని ఎంతయో శ్రద్ధతో బాగుచేయించి, రంగు వేయించినారు. ఆటల పోటీలకు సామానులు చేర్చుటకై నేను దానిని అడిగి తీసికొంటిని. బయలుదేరుటకు పూర్వము వంగి చూచితిని. వెనుక తొట్టిక్రింద అదనపు చక్రము నిగనిగలాడుచుండెను. అంతటితో తృప్తినొందితిని. సాయంకాల మొక బాలుడు పడి చేయి విరుగగొట్టుకొనెను. వానిని వైద్యశాలకు గొనిపోవుచుండగా దారిలో టైరు పగిలినది. చక్రమును పట్టియుంచు నట్టు త్రుప్పుపట్టి కదలదాయెను. ఎట్టకేలకు దించి చూడగా దానిలో గాలి లేదు. వాల్వు తొట్టివైపునకు తిరిగియుండుటచే, చేయి దూరక, ఎవ్వరును ఏనాడును పరీక్షింపలేదు. మరియొక బండి దొరకువరకు గంటన్నర కాల మా బాలుడు బాధతో మూలిగెను. వాడిప్పుడు క్షేమముగా నున్నాడు. నేను మాత్ర మా గంటన్నరను మరువజాలను.

పాతబండి వేడుకకే గదా, నేడు ఫోను చేసిన మెకానిక్కు వచ్చును గదా, అని కొందరందురు. వేడుకకైనను బండి నడుచునది బాటమీదనే. మెకానిక్కు వచ్చినను, ఆ బండి చక్రమునకు సరిపడు టైరు వాని సంచిలో నుండదు. కావున పాతబండికే అదనపు చక్రము మరింత యవసరము. మరికొందరు, చక్రమును పూర్వపు స్థానముననే యుంచవలెనందురు. ఇందుకు నేనును సమ్మతింతును. కాని స్థానము సరిగా నున్నంతమాత్రమున అమరిక సరియైనట్లు కాదు.

సరియైన అమరిక యేది? మొదట, చక్రము తక్కిన నాలుగింటి కొలతదే కావలయును; టైరుప్రక్కలు పగుళ్లు లేక యుండవలయును. నడవని టైరును కాలక్రమమున ప్రాతబడి చెడును. రెండవది, వాల్వు చేతి కందవలయును. తొట్టిక్రింద నుంచునపుడు, పట్టీ నిర్మాణ మనుమతించినచో, చక్రము బయటి ముఖమును క్రిందికి త్రిప్పుట మేలు; లేనిచో నెల కొకమారు దించి గాలి చూడవలెను. మూడవది, నట్టును గట్టిగా బిగించి, మరకు కొంచెము గ్రీజు పూయవలెను. వదులైన చక్రము కుదుపులకు పట్టీనే తెంపును. నాలుగవది, చక్రము పొగగొట్టమునకు తగులరాదు. చివరకు జాకీయు, పానాయు బండిలో నున్నవా యని చూడవలెను.

చక్రమును మార్చునప్పుడు నట్టుయొక్క వాలుముఖము చక్రమువైపున నుండవలయును. ఒక నట్టు బిగించినపిమ్మట దాని ప్రక్కదానిని గాక, ఎదుటిదానిని బిగింపవలెను. అట్లు చేయనిచో చక్రము వంకరగా కూర్చుండును. బండిని నేలకు దించి తుదిబిగింపు చేసి, కొంతదూరము నడచినపిదప మరల చూడవలెను. పూర్వపు డాడ్జి బండ్లలో అనేకములందు ఎడమప్రక్క చక్రముల మరలు విపరీతముగా తిరుగును. ఈ సంగతి నెరుగక బలముకొలది త్రిప్పువాడు మరనే విరుచును.

ఇవి పెద్ద విద్యలు కావు. అయినను మన విద్యార్థులు ఘర్షణను, పీడనమును గూర్చి పుటలకొలది వ్రాసి, జాకీని ఎచ్చట నిలుపవలెనో తెలియక నిలుచుందురు. దోషము వారిది కాదు. చూపించి చేయింపని ఉపాధ్యాయులది. అందు నేను మొదటివాడను. కావున పై తరగతుల బాలబాలికలచే ఏటికొకమారైనను, పెద్దల సమక్షమున, చక్రమును దింపించి మరల ఎక్కింపించవలయునని నా మనవి. తలిదండ్రులును తమ బండి స్టెప్నీలో గాలి యున్నదో లేదో ఈ ఆదివారమే బిడ్డలచేత చూపింపుదురు గాక. చేతికి నూనె మసి యంటినందువలన చదువునకు లోపము రాదు. చక్రము మెరయుచున్నదా యని గాక, పనికివచ్చునా యని యడుగుట నేర్చినవాడు తక్కిన విషయములందును మోసపోడు.