కొండవీటి శిలలు

మిరపకళ్లముల ఎఱుపును, ప్రత్తిచేల తెలుపును దాటి కొండవీడెక్కు యాత్రికులు రెడ్డిరాజుల ప్రాకారములను మెచ్చి మరలుచున్నారే గాని, ఆ కోటను మోయు శిలలను తేరిపాఱ జూచువారు అరుదు. భూగర్భమున అనేక కిలోమీటర్ల లోతున, 700 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన తాపమున రూపాంతరము నొంది, కోట్ల యేండ్ల క్రమక్షయముచే పైకి తేలిన చార్నకైటు, ఖొండలైటు శిలలే కొండవీటితో కూడిన తూర్పుకనుమల అస్థిపంజరము. చీమకుర్తినుండి గ్రానైటు పేర విదేశములకేగు నల్లరాయి మాత్రము వేఱు. అది మాగ్మా చల్లారి గట్టిపడిన గాబ్రోజాతి శిల, అందలి బంగరు చుక్కలు బ్రాంజైటు ఖనిజపు మెఱుపులు. ఇంతటి విద్య మన బిడ్డలకు గడప యొద్దనే యుండియు అందకుండుట నాకు దుస్సహము. కొండవీటికి ఘాటురోడ్డు వేసిన ప్రభుత్వము దారిపొడవున తెలుగు వివరణఫలకములు నిలుపవలెను. చీమకుర్తి క్వారీలలో ఒక్క రాతిగోడనైనను కోయక విద్యార్థులకై విడువవలెను.